వేడి బుడగ

బావమరిదిని తన బృందంలోంచి తీసేయమని అతను డైరెక్టరు గారిని అడిగాడు. అదీ అందరి ముందే.

"కారణం?" అన్నారు డైరెక్టరు గారు.

"నా మీద వీడికి ఓర్వలేనితనం."

బావమరిది తన కప్పూ హెడ్‌ఫోన్లూ సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"బావా, ఆ బుడగ అంచు ఇంకొక్కసారి చూడు. నా మీద కోపంతోనైనా చూడు."

"నా ఇంటి గుమ్మం కూడా తొక్కొద్దు," అన్నాడతను.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ మాట పుట్టించిన పెద్దమనిషి ఒకే ఆఫీసులో పనిచేసే బావాబావమరుదుల్ని చూసి ఉండడు.

ఆ పరిశోధనశాలలో అతన్ని బుడగల మాస్టారు అంటారు. కృష్ణబిలం అన్నిటినీ మింగేస్తుందని అందరికీ తెలుసు. అది మింగబోయే పదార్థం దాని అంచున సుడి తిరుగుతూ భగ్గున కాగిపోతుంది. కొంత వెనక్కి చిమ్మి, చుట్టూ ఉన్న వాయువులో పెద్ద పెద్ద వేడి బుడగల్ని ఊదుతుంది. వేడి పాలు తోడుకోనట్టే, వేడి వాయువు నక్షత్రాలుగా పేరుకోదు. నడిమధ్యన కూర్చున్న ఆ ఒక్కటీ చల్లారనివ్వకపోతే గెలాక్సీ మొత్తం గొడ్డుపోతుంది.

నిద్రపోతున్నట్టు కనిపించే కృష్ణబిలాలు కూడా ఇలా గుట్టుగా వేడి చిమ్ముతాయని అతని వాదం. దానికి సాక్ష్యంగా ఒక్క బుడగ కావాలి. దానికోసం జుట్టు నెరిసింది. సభల్లో నవ్వులపాలయ్యాడు. ఈసారీ దొరక్కపోతే బృందాన్ని మూసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు.

అలాంటి సమయంలో దొరికింది. ఉపగ్రహం పంపిన ఎక్స్-కిరణాల చిత్రంలో, ముసలి గెలాక్సీ పక్కన, గుండ్రంగా, వేడిగా!

అతను పక్క గదిలోకి పరిగెత్తాడు. అక్కడ అతని భార్య పనిచేస్తుంది. ఉపగ్రహం పంపిన చిత్రాల్లో మచ్చలు తుడిచి బృందాలకి పంచడం ఆమె ఉద్యోగం. తెరమీద బుడగ చూపిస్తే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తావేంటి పిచ్చిదానా!" అని చొక్కా చేత్తో తుడిచాడు.

సంతోషం పట్టలేక బావమరిదికీ చూపించాడు. వాడు మూతి విరిచాడు.

"అంచు మరీ నున్నగా ఉంది బావా. ఇది మనవాళ్ల పరీక్షేమో?"

ఆ సంస్థకి ఒక పాత ఆనవాయితీ ఉంది. ఎప్పుడైనా ఒకసారి అసలు డేటాలో ఒక దొంగ గుర్తు కలుపుతారు, బృందం పట్టుకోగలదో లేదో చూడటానికి. సంగతి డైరెక్టరు గారికీ, కలిపిన మనిషికీ తప్ప మూడో కంటికి తెలియదు. ఫలితం హాల్లో చదివేదాకా నోరు విప్పనని ఆ మనిషి మాటిచ్చి తీరాలి.

"ఇన్నాళ్లకి నోటిదాకా వచ్చిన ముద్దలో రాళ్లేరుతున్నావా?" అన్నాడతను.

వాడు ఊరుకోలేదు. రోజూ ఏదో ఒక పుల్ల. అంచు అన్నాడు, వేడి అన్నాడు, నీడ అన్నాడు. అతనికి కడుపు మండిపోయింది. వీడికి పాఠం చెప్పింది తను. ఉద్యోగంలో పెట్టించింది తను. వేలు పట్టుకుని నడిపిస్తే ఆ వేలే కొరుకుతున్నాడు!

భోజనాల దగ్గర భార్య మెల్లగా అంది. "వాడు చెప్పింది ఒక్కసారి చూస్తే పోయేదేముంది?"

"తోడబుట్టినవాడి వైపే మాట్లాడు. మొగుడు ఏమైపోతే నీకేం?"

ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. మర్నాడు, బుడగ మీద అతను రాస్తున్న వ్యాసంలో తన పేరు వేయొద్దంది. తమ్ముడి కోసం అలిగిందనుకున్నాడు. ఇంట్లో ఇద్దరూ తన పక్షాన లేరనుకుని ఆమె పేరు కొట్టేశాడు.

ఆ పైవారమే వాడిని వెళ్లగొట్టాడు. వాడికి ఎక్కడో దూరదేశంలో చిన్న ఉద్యోగం దొరికింది. సాగనంపడానికి అక్క ఒక్కతే వెళ్లింది. వాచిన కళ్లతో తిరిగొచ్చింది.

ఫలితం చదివే రోజు హాలు కిటకిటలాడింది. అతను బ్రహ్మాండంగా మాట్లాడాడు. ఒకప్పుడు నవ్వినవాళ్లే లేచి చప్పట్లు కొట్టారు. వచ్చి భార్య పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు. మంచుముక్కలా ఉంది.

"నా ఉపన్యాసానికి నీకెందుకే కంగారు?" అని నవ్వాడు.

డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. ముఖంలో నవ్వు లేదు.

"మన ఆనవాయితీ మీకు తెలుసు. క్షమించండి మాస్టారూ. ఆ బుడగ మేం కలిపిందే."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లోకి జారిపోయాయి. అతనికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైనట్టే అనిపించింది. అంచు సంగతి వాడికి ముందే ఎలా తెలుసు? వాడే కలిపాడు గనక! తనతో కలిసి తిని, తన వెనకే గొయ్యి తవ్వాడు. ఓర్వలేనితనమని ఊరికే అనలేదు తను.

"చూశావా నీ తమ్ముడి నిర్వాకం?" అన్నాడు భార్యతో, పళ్లు బిగించి.

ఆమె తల వంచుకుంది.

"ఇన్నాళ్లూ ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి ఒక్కసారి లేచి నిలబడాలి," అన్నారు డైరెక్టరు గారు.

వాడు రహస్యంగా వచ్చి ఏ మూలో నక్కి ఉంటాడని అతను మెడ తిప్పి వెనక వరుసలన్నీ గాలించాడు.

అతని గుప్పిట్లోంచి తన చేయి విడిపించుకుని, భార్య లేచి నిలబడింది.