నమ్మకమైన గ్రైండరు

“ఎడమ చేత్తో ఇస్తావేంటయ్యా? పద్ధతి తెలీదా?” గోవర్ధనరావు గ్రైండరు పెట్టె అందుకోలేదు.

ఇంట్లో సొంత వర్క్‌షాపు కోసం గుడివాడ హార్డువేర్ షాపులో ఆయన అరగంటగా ఇనుము కోసే గ్రైండర్లు చూస్తున్నారు. ఊరూ పేరూ లేని కంపెనీది పక్కకు నెట్టారు. తిరిగే డిస్కు మీద అడ్డుగా ఉండే గార్డు లేనిది అసలు ముట్టుకోలేదు.

“డిస్కు పగిలితే పోయేది నా చెయ్యి, నీది కాదు” అన్నారు.

కౌంటరులో ఉన్న ప్రేమ్ కుమార్ మంచి కంపెనీది తెచ్చి ఎడమ చేత్తో అందించాడు. గొడవ అక్కడ మొదలైంది.

“మీ ఓనర్ని పిలువు. ఏ చేత్తో ఇవ్వాలో నీకు నేర్పిస్తాడు.”

“ఆయనకి తెలుసండి.” ప్రేమ్ కుమార్ కుడి చెయ్యి జేబులోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు. దానికి బొటనవేలు ఒక్కటే ఉంది.

“మిగతా వేళ్లు ముదినేపల్లిలో, మీ రైస్ మిల్లులో పోయాయండి. ఆ గ్రైండరుకి కంపెనీ పేరూ లేదు, గార్డూ లేదు. మంచిది కొనమంటే పనోళ్లకి ఇది చాలన్నారు మీరు.”

గోవర్ధనరావు ఆ చేతికేసి చూడలేదు.

ప్రేమ్ కుమార్ పెట్టెను ఎడమ చేత్తోనే ముందుకు జరిపాడు.

“తీసుకోండి. ఇది నమ్మకమైనదేనండి.”