చెవి వాలిన పిల్లి

ఇంకాస్త దగ్గరికి జరగండి, నా గొంతు దూరం పోదు. లోగో అనే మాట నాకు ఈ మధ్యే నోరు తిరిగింది. ఈ కథంతా దాని గొడవే.

"ఆ చెవి నిలబెట్టాల్సిందే సార్," అంది బొమ్మలమ్మాయి.

"కుదరదమ్మా. వాలే ఉండాలి," అన్నాడు చొక్కాలాయన.

చొక్కాలాయనంటే చిన్నపిల్లల చొక్కాలు కుట్టించి అమ్మే కంపెనీకి యజమాని. ఇరవై మిషన్లు, ఒక పొడుగాటి కత్తిరింపు బల్ల, గోడ నిండా గుండీల డబ్బాలు. సరుకు ఊరూరా పంపుదామనుకున్నాక, లోగో లేకపోతే మనల్నెవరు పోల్చుకుంటారని కూతురు పట్టుబట్టింది. లోగోలు గీసే అమ్మాయిని వెతికి తెచ్చిందీ ఆవిడే. ఆ అమ్మాయి గొడుగులు, గాలిపటాలు, చందమామలు, పదకొండు రకాలు గీసుకొచ్చింది. ఆయన అన్నిటినీ పక్కకు నెట్టేసి, ఒక అట్టముక్క మీద తనే పిల్లి మొహం గీసి చేతిలో పెట్టాడు. గుండ్రటి మొహం, ఆరు మీసాలు. చూసేవాళ్ళకి కుడివైపు చెవి నిటారుగా ఉంది, ఎడమవైపుది వాలిపోయింది.

"జ్వరమొచ్చిన పిల్లిలా ఉంది నాన్నా," అంది కూతురు.

"చిన్నగా వేస్తే అచ్చు చెడిపోయిందనుకుంటారు సార్," అంది బొమ్మలమ్మాయి. "లోగో గుండీ అంత చోటులో పట్టాలి. వీధి అవతలి నుంచి కంటికి ఆనాలి. ఒక్క నల్లరంగులో వేసినా తెలియాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోకూడదు."

"అయితే పందెం. చెవులు నిలబెట్టి నీ పిల్లిని గియ్యి. నా పిల్లి పక్కన అంటించు. ఏది గుర్తుంటుందో చూద్దాం."

రెండు కాగితాలూ ఒక పూటంతా గేటుకి అంటించి, సాయంత్రం పీకేశారు. మర్నాడు బొమ్మలమ్మాయి గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరినీ నిన్న ఏం చూశారని అడిగింది.

"రెండు పిల్లులమ్మా," అన్నాడు వాచ్‌మన్. "ఒకటి మామూలుది. ఇంకోదాని చెవి ఇలా అయిపోయింది పాపం, ఎవరో మెలిపెట్టినట్టు." తన చెవే పట్టుకుని కిందికి లాగి చూపించాడు.

కత్తిరింపు మాస్టారూ చెవి పట్టుకున్నాడు. కాజాలు కుట్టే ఆడవాళ్ళు నవ్వుతూ ఒకరి చెవి ఒకరు లాగారు. మామూలు పిల్లి ఎలా ఉందో చెప్పిన పాపాన ఒక్కరూ పోలేదు.

"ఓడిపోయాను సార్," అంది బొమ్మలమ్మాయి లోపలికొచ్చి. "కానీ ఒకటి చెప్పండి. ఈ పిల్లి ఎవరికి గుర్తుండాలి?"

"కొనేవాళ్ళందరికీ," అంది కూతురు.

"ఒక్క మనిషికి," అన్నాడాయన. అట్టముక్క వంక చూస్తూ, "మా అక్కకి" అన్నాడు.

కూతురు తెల్లబోయింది. "నాకు మేనత్త ఉందా? ఇన్నేళ్ళూ ఒక్క మాటన్నా చెప్పలేదే!"

"నచ్చినవాణ్ణి చేసుకుని గడప దాటింది. ఆ పేరు ఎత్తితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అలా నోరు మూతబడింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అంతకుముందు మా బాబాయి పిల్లలవీ నావీ ఒకే తానులో కుట్టిన చొక్కాలు. నాది కలిసిపోకుండా గుండెల మీద పిల్లిని కుట్టేది అక్క. పేరు కుడదామంటే దానికి అక్షరాలు రావు. మొదటిసారి దారం చాలక ఒక చెవి వాలిపోయింది. ఆ తర్వాత చెవులు నిలబెట్టి కుడితే నేను ఏడ్చి గోల చేసేవాణ్ణి. పొద్దున్నే అద్దం ముందు నిలబెట్టి తల దువ్వేది. వంచమంటే వంచేవాణ్ణి కాదు, అద్దంలో పిల్లిని చూసుకుంటూ ఉండేవాణ్ణి."

"వెతకలేదా నాన్నా?"

"మా నాన్న పోయాక వెళ్ళాను. ఆ ఊరు వదిలి ఎప్పుడో వెళ్ళిపోయారన్నారు. పేపర్లో వేయిద్దామంటే తనకి చదవడం రాదు. అక్క చదవగలిగిన ఉత్తరం ఇదొక్కటే తల్లీ."

బొమ్మలమ్మాయి అట్టముక్క అందుకుంది. గీతల లావు మాత్రం సరిచేసి, చెవిని ఆయన వాల్చినట్టే వదిలేసింది.

పిల్లి చొక్కాలు ఊరూరా పోయాయి. మెడ దగ్గర చీటీ మీద ఫోన్ నంబరు. ఫోన్ మోగితే చాలు, ఏ పనిలో ఉన్నా ఆయనే లేచి వచ్చేవాడు. షాపువాళ్ళు సైజుల కోసం చేసేవారు, తల్లులు గుండీలు ఊడాయని చేసేవారు. అవతలి గొంతు వినగానే ఆయన భుజాలు దిగిపోయేవి. "నేను తీస్తానులే నాన్నా," అని కూతురంటే, "నీకా గొంతు తెలీదే," అనేవాడు. అలా ఏడాది దాటి ఇంకో ఆరు నెలలు.

ఒకరోజు ఆయన గుడ్డ కొలుస్తుంటే ఫోన్ మోగింది. దగ్గర్లో ఉన్న కూతురు తీసింది. కాసేపు విని, చెయ్యి అడ్డం పెట్టి కేకేసింది.

"నాన్నా, ఎవరో పెద్దావిడ, చీటీ మీది నంబరు ఎవరిచేతో కలిపించుకుని మరీ పోట్లాడుతోంది. మన లోగో తప్పట! చొక్కా తొడిగితే వాలిన చెవి గుండె వైపు రావాలట, మనం అవతల వైపు వాల్చామట. 'అద్దంలో చూసి నేర్చుకున్న మొద్దు ఎవడో గీసుంటాడు, వాణ్ణి పిలువు' అంటోంది."

ఆయన మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అవతలి మాట అందరికీ వినిపించింది.

"తల వంచరా, ఎంతసేపని దువ్వను?"

ఆయన అక్కడే, అందరి ముందూ, తల వంచాడు.

ఇది గుర్తుపెట్టుకోండి, మీవాళ్ళకీ చెప్పండి. చెబుతూ చెబుతూ పిల్లిని గీస్తే మాత్రం వాలిన చెవి అవతల వైపుకి పోనివ్వకండి. ఎన్నిసార్లు చెప్పినా మా తమ్ముడు ఇంకా అద్దంలో పిల్లినే గీస్తున్నాడు.