ఆది జాకెట్టు

“వరికోతలయ్యేదాకా ఎవరూ రారు మేడమ్. పోనీ మీరే ఫోన్ చేసి రమ్మనండి,” అంది మేఘన, ఖాళీ కుర్చీలు తుడుస్తూ.

గుడివాడలో కౌన్సెలింగ్ గది తెరిచిన ఈ నాలుగేళ్లలో వందన ఎవరింటికీ తనంతట తాను ఫోన్ చెయ్యలేదు. కానీ నిద్ర పట్టడం లేదంటూ పామర్రు నుంచి వచ్చే హైమ నెల రోజులుగా కనబడలేదు. ఉండబట్టలేక నంబరు నొక్కింది.

“మా ఆవిడ పెరట్లో ఉందండీ,” అన్నాడు ఎత్తినతను. “ఫోన్‌లో టైలరమ్మ అని పడింది. జాకెట్లు కుట్టేది మీరేనా?”

హైమ తన నంబరు ఆ పేరుతో దాచుకుందని వందనకి అర్థమైంది. ఇక్కడికి వస్తున్నట్టు ఇంట్లో తెలిస్తే పిచ్చిదని పేరు పెడతారని హైమ మొదటిరోజే చెప్పింది.

“అవునండీ. నేనే.”

“ఎవర్రా ప్రసాదూ?” వెనకనుంచి ఒక పెద్దావిడ గొంతు.

“టైలరమ్మే అమ్మా.”

అడుగుల చప్పుడు వినిపించింది. అతను అవతలికి నడిచి గొంతు తగ్గించాడు.

“మూడు నెలలు తిరిగిందండీ మీ దగ్గరికి. ఒక్క జాకెట్టూ ఇంటికి రాలేదు.”

వందన చెయ్యకూడని ఫోన్ చేసి ఆ పిల్ల కాపురంలో నిప్పు పెట్టాననుకుంది.

“మీ దగ్గర్నుంచి వచ్చిన రోజు మాత్రం తెల్లారేదాకా పడుకునేది. కోతలొచ్చి మానేసింది. మళ్ళీ మంచం మీద కూచునే తెల్లవారుస్తోంది.”

వందన అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచింది.

ఇంట్లోవాళ్ళకి వినపడేలా అతను గొంతు పెంచాడు. “మంగళవారం కొలతలకి ఆది జాకెట్టు పట్టుకుని వస్తుందండీ. నేనే బండి మీద దింపుతాను.”

“అలాగేనండీ,” అంది వందన.

“తొందరేం లేదండీ. నిదానంగానే కుట్టండి.”