మగ్గం మీద థాంక్స్

రాజేశ్వరి నీళ్ల చెంబు అందిస్తే వెంకట్రాములు "థాంక్స్" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా మొగుడూ పెళ్లాం ఒకే మగ్గం మీద గద్వాల చీరలు నేస్తున్నారు. నడిమి బట్ట అతనిది, కుడి అంచు ఆమెది. అతను విసిరిన నాడెను, నూలు కండె ఉండే ఆ చెక్కను, ఆమె అందుకుని, అంచు కలిపి తిరిగి పంపితేనే నేత ముందుకు సాగుతుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆ మాట అతని నోట రాలేదు.

"గదేం మాట? బస్సుల జాగ ఇచ్చినోళ్లకు చెప్తరు. నాకెందుకు?"

"ఊకె అన్న. తప్పా?"

"తప్పు గాదు, కొత్త. పొద్దున సొసైటీకి పోయి ఏం జేసొచ్చినవ్?"

అతను తలెత్తకుండా పోగులు సవరించాడు. "అవార్డుకు మన చీర తీస్కున్నరు. నన్ను ఫొటో గూడ దించిండ్రు."

"మంచిదే గదా! మొఖం గట్ల వెట్టినవేంది?"

"ఎవరు నేసిండ్రని అడిగిండ్రు."

"ఏం చెప్పినవ్?"

"కాయితంల ఒక్క పేరుకే జాగ ఉండె, రాజీ."

అతను గబగబా నాడె విసిరాడు. అది పోగుల మధ్య జారుతూ వచ్చి ఆమె చేతిలో ఆగిపోయింది.

"ఇటెయ్యి" అన్నాడు.

రాజేశ్వరి నాడెను తెచ్చి అతని పక్కన పెట్టింది.

"ఇప్పుడు చెప్పు థాంక్స్. పరాయిదాన్నే గదా, తీస్కుంట."