పెరట్లోకి వచ్చిన హుపూ

హుపూ ఎండల దేశాల పిట్ట. వసంతంలో ఎప్పుడైనా దారి తప్పి ఇంగ్లండ్ వస్తుంది. దానికోసం లెనర్డ్ మూడు రోజులుగా నార్ఫక్ బురదలో కాపు కాస్తుంటే, క్రాయిడన్‌లోని ఇంటి నుంచి భార్య బెరిల్ ఫోన్ చేసింది.

"మన పెరట్లో ఏదో పిట్ట. నారింజ రంగు, పొడుగు ముక్కు, తలమీద విసనకర్రలాంటి కుచ్చు."

లెనర్డ్ గభాల్న లేచాడు. "అదే! ఇరవయ్యేళ్లుగా వెతుకుతున్నాను. నువ్వు కదలకు, తుమ్మకు. వచ్చేస్తున్నా!"

నాలుగు గంటల్లో ఇల్లు చేరాడు. పెరడు ఖాళీగా ఉంది. బల్లమీద కేకు, రెండు టీ కప్పులు ఉన్నాయి.

"ఏదీ?"

"అసలు రాలేదు. నీ పుస్తకంలో బొమ్మ చూసి చెప్పాను. ఇవాళ మన పెళ్లిరోజు."

లెనర్డ్ ముఖం ఎర్రబడింది. తర్వాత నవ్వాపుకోలేకపోయాడు. "ఎంత గడుసుదానివే!" అంటూ కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఆమె చెయ్యి అందుకున్నాడు. పెళ్లినాడు వాన వచ్చి పాదిరి గారు జారిపడ్డ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. పిట్టల ఊసు లేకుండా అతను మాట్లాడి ఎన్నాళ్లయిందో!

అప్పుడే అతని వెనక, కిటికీ అవతల, నారింజ రంగు పిట్ట ఒకటి గడ్డిమీద వాలి కుచ్చు విప్పింది.

బెరిల్ దాన్ని చూసింది.

"ఊఁ, జారిపడి?" అని అడిగింది.