మూడో తాళంచెవి

"ఇది మూడో తాళం, బాబాయ్. ఇదీ పనికిరాకపోతే ఇక ఇల్లు మారడమే," అంది నర్సు.

తాళాలాయన సంచీ దించాడు. మోకాళ్ళ మీద కూర్చుని పాత తాళం ఊడదీశాడు. చెవి దూర్చే చోట భూతద్దం పెట్టి చూశాడు. ఒక్క గీత కూడా లేదు. వెనకటి రెండూ ఆయన బిగించినవే.

ఆర్నెల్లుగా ఇదే తంతు. ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి ఎవరో ఇంట్లో తిరిగి వెళ్ళినట్టు ఉంటుంది. ఏదీ పోదు. దువ్వెన చోటు మారుతుంది. దిండు మీద నొక్కు పడి ఉంటుంది. నిన్న అద్దం మీద వేలితో రాసి ఉంది: "ఇంకో వారమే." స్టేషనులో మాత్రం "తలుపు పగల్లేదు, గడియ విరగలేదు. మీకేదో అనుమానం," అని పంపేశారు.

కొత్త తాళం బిగించి ఆయన ఇల్లంతా తిరిగాడు. పెరటి తలుపుకి అడ్డకమ్మీ వేశాడు. స్నానాలగది కిటికీకి ఊచలు బిగించాడు. వీధి తలుపుకి బయటికి చూసే కన్నాలు రెండు పెట్టాడు, రెండోది ఆమె ఆరేళ్ళ పాప ఎత్తుకి.

"బెల్లు మోగితే ముందు కన్ను, తర్వాతే చెయ్యి. తెలిసిందా?"

"దొంగొస్తే కొరికేస్తా తాతా!"

"కొరకొద్దు, గట్టిగా అరువు. నీవి పాలపళ్ళు. గొంతు మాత్రం ఇనుము."

పాప నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు.

ఏ తాళానికైనా ఆయన మూడు చెవులు చేస్తాడు. రెండు ఇంటివాళ్ళకి. మూడోదానికి చీటీ కట్టి, తనూ కొడుకూ నడిపే కొట్లో మేకుకి తగిలిస్తాడు. చెవి పోగొట్టుకున్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చేది ఆ మేకుల దగ్గరికే. ముప్పై ఏళ్ళ అలవాటు.

ఈసారి మూడోదాని పళ్ళు ఆకురాయితో నున్నగా అరగదీసేశాడు.

"అదేంటి బాబాయ్! మీ దగ్గర ఒకటి ఉండొద్దూ?"

"వద్దు తల్లీ. పెద్దవాణ్ణయ్యాను. నా కాపలా చాలట్లేదు."

ఆమె ఇచ్చిన టీ గ్లాసులోనే చల్లారిపోయింది. సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"రేపు పొద్దున స్టేషనుకి వెళ్దాం. నేనూ వస్తాను. సాక్ష్యం చెబుతాను."

"మీరేం చూశారని బాబాయ్?"

"తాళం పగల్లేదని చెబుతాను."

"అది వాళ్ళూ అన్నారుగా!"

"వాళ్ళు సగమే అన్నారమ్మా."

ఆమె లోపల గడియ వేసిన చప్పుడు వినేదాకా మెట్ల మీదే నిలబడ్డాడు. తర్వాత కొట్టు వైపు నడిచాడు.

కొట్లో ఖాళీగా ఉన్న ఒక్క మేకు ముందు నిలబడి, కొడుకు వెనక్కి తిరక్కుండానే అడిగాడు: "నర్సు ఇంటి కొత్త తాళంచెవి ఎక్కడ పెట్టావు నాన్నా?"