నెమళ్ళ వడ్డాణం

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. వత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. ఈ ఒక్క కథకు పదకొండు రోజులు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

"ఛీ! ఇదేం కంపు?"

తిరుపతిరావు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. జగ్గయ్యపేట నాటకాల హాల్లో గ్రీన్‌రూం తలుపు తెరిచి పదేళ్ళు దాటింది. నేలమీద గబ్బిలాల పెంట బెత్తెడు మందాన పేరుకుపోయింది. విరిగిన కిటికీలోంచి ఎవరెవరో పోసిన ఉచ్చ గోడమీద చారలు కట్టింది. మూలనున్న తెరగుడ్డలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి.

"లోపలికి రామాకండి షావుకారుగారూ, చెప్పులు పాడవుతాయి," అంది హాలు ఊడ్చే లూర్దమ్మ.

"రాక చస్తానా? సాయంత్రం ఆరింటికల్లా మా తాత ఫొటో ప్రెస్సుకి పోవాలి."

హాలు కట్టి డెబ్బై అయిదేళ్ళయిందని తిరుపతిరావు దాని చరిత్ర పుస్తకంగా వేయిస్తున్నాడు. ఏ నాటకం ఎప్పుడాడిందో, ఏ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్‌లు పడ్డాయో, నాటకాలు పోయి మిరపకాయల గోడౌన్ ఎప్పుడైందో అన్నీ ఉన్నాయి. హాలు కట్టించి, తిరుపతిరావు పుట్టకముందే పోయిన తాతగారి మొహమే లేదు. ఇల్లంతా వెతికినా ఆయన ఫొటో ఒక్కటీ దొరకలేదు. "దొరక్కపోతే మొదటి పేజీలో మా తాతని వేద్దాం, పైన రేకులు ఆయన ఇచ్చినవేగా," అని కమిటీలో రాజ్‌కిరణ్ నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు తిరుపతిరావుకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

లూర్దమ్మ అద్దం పక్కన మేకుకు వేలాడుతున్న ఫొటో తీసి, బూజు దులిపి, కొంగుతో తుడిచింది.

"అమ్మో, ఎంత కళగా ఉందండీ! రాణీగారే!"

ఒక ఆడమనిషి. మోకాళ్ళ దాకా జడ, ముక్కుకు బేసరి, నడుముకు వడ్డాణం. ఓరగా చూస్తోంది.

గుమ్మంలో కొంగు ముక్కుకు పెట్టుకుని నిలబడ్డ తిరుపతిరావు భార్య కన్యకాపరమేశ్వరి చటుక్కున లోపలికొచ్చింది.

"ఏవండీ! అది నా వడ్డాణం!"

"నీకేమన్నా పిచ్చా?"

"ఎదురెదురుగా రెండు నెమళ్ళు. ఎడమదానికి తోక విరిగింది చూడండి. మన పెళ్ళిలో మీ బామ్మగారు నా నడుముకి పెట్టలేదూ?"

తిరుపతిరావు ఫొటో లాక్కుని చూశాడు. నెమలి తోక విరిగే ఉంది.

"అంటే... మా తాత బామ్మ సొమ్ము తెచ్చి ఈ నాటకాల ముండకి పెట్టాడన్నమాట!"

"ఛీఛీ! దీని నడుముకి ఉన్నదా నేను ఇన్నేళ్ళుగా పెట్టుకుని పేరంటాలకి తిరిగింది? ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టుందండీ. రేపే కరిగించేస్తా."

"ఆ చూపు చూడు ముందు. మగాణ్ణి నిలువునా మింగేట్టు! ఇలాగే పడేసుంటుంది మా తాతని."

పరమేశ్వరి ఫొటోలోకి దగ్గరగా వంగింది. మొగుడి మొహంలోకి చూసింది. మళ్ళీ ఫొటోలోకి చూసింది.

"ఏవండీ... ఈ ముక్కు మీ ముక్కే."

"ఏంటీ?"

"ఆ ముక్కూ, గడ్డం మీద ఆ నొక్కూ. మామయ్యగారికీ అచ్చం ఇలాగే ఉండేవి." ఆమె గొంతు తగ్గించింది. "మామయ్యగారు మీ బామ్మగారి కడుపునే పుట్టారంటారా?"

తిరుపతిరావు గోడ పట్టుకోబోయి, ఆ చారలు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నోరు ముయ్! రాజ్‌కిరణ్ చెవిన పడిందంటే పేటలో తలెత్తుకు తిరగలేం. లూర్దమ్మా, నువ్వేం విన్లేదు."

"నాకెందుకండీ మీ ఇంటి గొడవ. ఫొటో మాత్రం ఉంచండయ్యా. పాపం, ఏ తల్లి కన్న బిడ్డో."

"ఉంచి? ఈ దరిద్రాన్ని మీ ఇంట్లో తగిలించుకుంటావా?"

"ఇస్తే తగిలించుకుంటానండీ. నాకేం?"

హాలు వెనక పొద్దున ఊడ్చిన చెత్త మండుతోంది. తిరుపతిరావు చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు ఫొటోను రెండు వేళ్ళతో పట్టుకుని అక్కడికి నడిచాడు. ఆ మొహం మీద ఖాండ్రించి ఉమ్మి, మంటలోకి విసిరాడు. అద్దం టప్పున పగిలింది. అట్ట వంకర తిరిగి నల్లబడింది. జడా, నెమళ్ళూ, ముక్కూ బూడిదయ్యేదాకా కర్రతో పొడుస్తూ అక్కడే నిలబడ్డాడు. తర్వాత నీళ్ళ సీసా ఒంపుకుని చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు.

"పీడ వదిలింది," అంది పరమేశ్వరి.

గేటు దగ్గర కారు ఆగింది. తాతగారి రోజుల్లో ఈ హాల్లో మేకప్ వేసిన ఎడ్విన్ కోసం నందిగామకు పంపిన కారు అది. తొంభై ఏళ్ళ మనిషి చేతికర్ర ఆనించుకుని నెమ్మదిగా దిగాడు. తిరుపతిరావు పరుగున ఎదురెళ్ళాడు.

"ఎడ్విన్‌గారూ, అయిదు దాటిపోయింది. ఇక మీరే దిక్కు. మా తాతగారు ఎప్పుడన్నా, ఎక్కడన్నా, ఒక్క ఫొటో దిగారా?"

"దిగకపోవడమేంటి బాబూ!" ఎడ్విన్ బోసినోటితో నవ్వాడు. "మామూలుగా దిగితే ఆయుష్షు తగ్గుద్దని భయపడి, రాణి వేషం కట్టిన రోజున ఒకే ఒక్కటి దిగారు. మీ బామ్మగారి వడ్డాణం ఆయన నడుముకి చాలకపోతే, వెనకాల పురికొస కట్టి బిగించింది నేనేగా!"

— ముప్పాళ్ళ సుబ్బమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది రెడ్డిగూడెంలో.